అమ్మాయి బడి ఎన్నో తరగతి దాకా? చేర్పించే రోజే అడగాల్సిన ప్రశ్న

ఏప్రిల్ వచ్చిందంటే మన మొహల్లాల్లో కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు వేలాడుతాయి. ‘ఓన్లీ ఫర్ గర్ల్స్’, ‘ఆల్ లేడీ టీచర్స్’, ‘దీనీ తాలీమ్‌తో ఇంగ్లిష్ మీడియం’, ‘ఆటో సౌకర్యం కలదు’. అమ్మీ, అబ్బా వెళ్లి మూడు సంగతులు చూసుకుంటారు. ఇంటికి ఎంత దూరం, ఫీజు ఎంత, అమ్మాయికి అక్కడ భద్రత, పర్దా ఎలా ఉంటాయి. మూడూ కుదిరితే నర్సరీలోనో ఒకటో తరగతిలోనో చేర్పించేస్తారు. ఇవన్నీ చూడాల్సినవే, తప్పేం లేదు. కానీ నాలుగో ప్రశ్న ఒకటుంది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఈ బడికి ఎన్నో తరగతి వరకు ప్రభుత్వ గుర్తింపు ఉంది? ఆ తరగతి అయిపోయాక మా అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది?

ఒకటో తరగతి పిల్ల గురించి ఇప్పుడే అంత దూరం ఆలోచించాలా అనిపించవచ్చు. ఆలోచించాలి. ఎందుకో చెప్పుకుందాం.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు పిల్లలకు ప్రాథమిక విద్య హక్కు అని అది చెప్తుంది. ఆ చట్టం లెక్కలో ఈ చదువు అంటే ఒకటి నుంచి ఎనిమిది వరకు, మధ్యలో తెగని ఒకే చదువు. కానీ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులు ముందు నుంచీ వేరేలా కట్టి ఉన్నాయి. ప్రైమరీ స్కూలు అంటే ఐదు వరకు. అప్పర్ ప్రైమరీ అంటే ఏడు వరకు, కొన్నిచోట్ల ఎనిమిది వరకు. హైస్కూలు ఆరు నుంచి పది. అంటే చట్టం ఒకటే అన్న చదువు మధ్యలో, సరిగ్గా ఐదో తరగతి దగ్గర, ఒక గీత పడి ఉంది.

ప్రైవేటు గర్ల్స్ స్కూళ్లలో చిన్నవి చాలావరకు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. దానికి కారణం యాజమాన్యం బద్ధకం కాదు. ఐదో తరగతి వరకు ఒక టీచరమ్మ తన తరగతికి అన్ని సబ్జెక్టులూ చెప్పేయగలదు. చట్టం కూడా 30 మంది పిల్లలకు ఒక టీచర్ అని మాత్రమే అడుగుతుంది. ఆరో తరగతి పెట్టాలంటే సంగతి మారిపోతుంది. లెక్కలు, సైన్సుకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు, కనీసం ఈ ముగ్గురైనా ఉండాలి. గదులు పెరగాలి. నెలకు కొన్ని వందల ఫీజుతో, అద్దె ఇంట్లో రెండంతస్తుల మీద నడిచే బడికి ఇది తలకు మించిన భారం. అందుకే ‘ఇన్‌షా అల్లాహ్ వచ్చే ఏడాది ఆరో తరగతి తెస్తున్నాం’ అని ఏటా చెప్పే బడులు కనిపిస్తుంటాయి. చెప్పేవాళ్ల నియ్యత్ మంచిదే కావచ్చు. మీరు మాత్రం కాగితం చూడండి.

అబ్బాయి బడి ఐదుతో ఆగిపోతే ఇంట్లో పెద్ద చర్చేమీ ఉండదు, సైకిల్ కొనిచ్చి ఇంకో బడికి పంపుతారు. అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి అదే వయసు, పది పదకొండేళ్లు, ఇంట్లో సందేహాలు మొదలయ్యే వయసు. కొత్త బడి మెయిన్ రోడ్డు అవతల ఉంటుంది. అక్కడ అబ్బాయిలు కూడా ఉంటారు. మాస్టార్లు ఉంటారు. బస్సెక్కాలి. నానీమాకు ఒంట్లో బాగుండదు, చిన్న తమ్ముణ్ని చూసుకునేవాళ్లు లేరు. ‘ఈ ఒక్క ఏడాది ఇంట్లో ఉండనీ, తర్వాత చూద్దాం’ అంటారు. ఎవరూ ‘చదువు మానిపించేద్దాం’ అని కూర్చుని నిర్ణయం చేయరు. బడి మారాల్సిన ఆ రెండు నెలల్లో ఎవరూ ఏమీ చేయకపోవడం వల్ల చదువు ఆగిపోతుంది. గర్ల్స్ స్కూలు అనే నమ్మకంతో ఐదేళ్లు పంపించిన ఇంట్లోనే ఇలా జరగడం ఇంకా బాధ. ఆ నమ్మకం ఐదో తరగతి గేటు దగ్గర అయిపోతుంది కాబట్టి.

ఇక్కడ చట్టంలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఒక బడిలో ఎనిమిది వరకు లేకపోతే, పిల్లకు వేరే బడికి మారే హక్కు ఉందని ఐదో సెక్షన్ చెప్తుంది. బాగానే ఉంది. కానీ ఆ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల మీద మాత్రమే. ఎయిడ్ లేని ప్రైవేటు బడులను, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల వంటివాటిని ఆ సెక్షన్ బయటే ఉంచింది. అంటే ఈ ప్రైవేటు గర్ల్స్ స్కూల్లో ఐదు చదివిన అమ్మాయిని పక్క వీధి ప్రైవేటు గర్ల్స్ హైస్కూలు తీసుకుని తీరాలని ఎక్కడా లేదు. సీటుంటే ఇస్తారు, లేదంటే లేదు, ఫీజు వాళ్లు చెప్పినంత. హక్కుగా వెళ్లగలిగేది సర్కారీ బడికే. సర్కారీ హైస్కూళ్లలో ఆడపిల్లలకు విడిగా ఉన్నవి కూడా ఉన్నాయి. మీ ఇంటికి దగ్గర్లో అలాంటిది ఉందో లేదో పిల్ల మూడో తరగతిలో ఉన్నప్పుడే తెలుసుకుని పెట్టుకుంటే మంచిది.

వందేళ్ల కిందట బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ ఎదుర్కొన్నది కూడా ఇదే సమస్య. 1909 అక్టోబరులో, భర్త పోయిన కొద్ది నెలలకే, ఆయన ఇచ్చిన డబ్బుతో బీహార్‌లోని భాగల్పూర్‌లో ఐదుగురు అమ్మాయిలతో బడి పెట్టారు. ఆస్తి గొడవలతో ఆ ఊరు వదలాల్సి వచ్చింది. 1911 మార్చి 16న కలకత్తా వలీవుల్లా లేన్‌లో ఒక చిన్న ఇంట్లో ఎనిమిది మందితో మళ్లీ మొదలుపెట్టారు. ఆమె స్వయంగా బెంగాలీ రచయిత్రి, అయినా అక్కడి ముస్లిం కుటుంబాలు ఉర్దూ కోరుకోవడంతో బడి ఉర్దూలో నడిపారు. ఇంటి గడప దాటని పిల్లలను తీసుకురావడానికి బండి కూడా బడే పెట్టుకోవాల్సి వచ్చింది. బస్సు మొత్తం మూసేస్తే గాలి ఆడక పిల్లలు వాంతులు చేసుకున్నారు, కొందరు స్పృహ తప్పారు. సరే అని కిటికీలు తెరిచి పరదాలు కట్టిస్తే, అవి గాలికి ఎగిరి బేపర్దా అవుతోందని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఈ సంగతి ఆమే ‘అవరోధబాసిని’లో రాసుకున్నారు. ఇన్ని మధ్య కూడా ఆమె వదలని పని ఒకటే, పిల్లలు ఎదుగుతుంటే వాళ్లతోపాటు తరగతులు పెంచుకుంటూ పోవడం. ఇరవై ఏళ్లకు అది హైస్కూలు అయింది. 1932లో ఆమె పోయారు. ఆ బడి కోల్‌కతాలో ఇప్పటికీ ఉంది, ఇప్పుడు సర్కారీ గర్ల్స్ స్కూలు. మన ఊళ్లలో గర్ల్స్ స్కూల్ నడిపే కమిటీలు కొత్త బిల్డింగుకు రంగులు వేయించే ముందు ఆరో తరగతి గురించి ఆలోచిస్తే బాగుంటుందని అనిపిస్తుంది.

గుర్తింపు కాగితం ఎలా చూడాలి

గుర్తింపు లేకుండా బడి నడపకూడదని చట్టం 18వ సెక్షన్ చెప్తుంది. నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపకుండా నడిపితే రోజుకు పదివేలు. గుర్తింపు ఉంది అనడం ఒక్కటే సరిపోదు. ఆ ఉత్తర్వులో ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు, ఏ మీడియం, ఎప్పటి వరకు అన్నవి ఉంటాయి. నర్సరీ నుంచి పది వరకు పిల్లలు కూర్చుని ఉన్న బిల్డింగుకు ఐదు వరకే గుర్తింపు ఉండవచ్చు. అలాంటి చోట పై తరగతుల పిల్లల పేర్లు వేరే ఏదో బడి రిజిస్టర్‌లో ఉంటాయి. అమ్మాయి చదివింది ఇక్కడ, టీసీ మీద పేరు మీరెప్పుడూ చూడని ఇంకో స్కూలుది. పదో తరగతి హాల్‌టికెట్ వచ్చేదాకా చాలామందికి ఇది తెలియదు.

చూసుకోవడానికి తేలిక దారి ఉంది. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణ బడులవి 36తో, ఆంధ్రప్రదేశ్ బడులవి 28తో మొదలవుతాయి. ఆఫీసులో అడిగితే చెప్పాలి, దాచుకునే సంగతి కాదు. కేంద్ర విద్యాశాఖ ‘నో యువర్ స్కూల్’ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొడితే ఎన్నో తరగతి వరకు ఉంది, గర్ల్స్ స్కూలా కో-ఎడ్యుకేషనా, ఎంతమంది టీచర్లు, టాయిలెట్లు ఎన్ని అన్నీ ఫోన్లోనే కనిపిస్తాయి. ఫ్లెక్సీ మీద గర్ల్స్ అని రాసి రికార్డులో కో-ఎడ్యుకేషన్ అని ఉంటే అదేంటని అడగండి. చిన్న తరగతుల్లో తమ్ముళ్లను కూడా చేర్చుకుంటారు కాబట్టి అలా ఉండొచ్చు, ఆశ్చర్యపోనక్కర్లేదు. అనుమానం తీరకపోతే మండలంలో ఎంఈఓ ఆఫీసులో, హైదరాబాద్‌లో అయితే డిప్యూటీ ఈఓ ఆఫీసులో అడగవచ్చు.

‘మాది మైనారిటీ స్కూలు, ఆ చట్టం మాకు వర్తించదు’ అని కొన్నిచోట్ల చెప్తారు. ఇందులో సగం నిజం ఉంది. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు, ఎయిడ్ ఉన్నా లేకున్నా మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ ఆ తీర్పు మీద సందేహం వ్యక్తం చేసి, పెద్ద బెంచ్ చూడాలని పంపింది. పెద్ద బెంచ్ వేరేగా చెప్పే వరకు పాత తీర్పే. కాబట్టి మైనారిటీ హోదా ఉన్న ప్రైవేటు బడిలో 25 శాతం ఉచిత సీట్ల వంటివి అడగలేం. కానీ గుర్తింపే అక్కర్లేదని దీని అర్థం కాదు. రాష్ట్ర విద్యా చట్టం 1982, దాని కింద 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం ప్రైవేటు బడి ఏదైనా అనుమతి, గుర్తింపు తీసుకోవాల్సిందే. ముస్లింలు నడుపుతున్నంత మాత్రాన మైనారిటీ హోదా దానంతట అదే రాదు కూడా, దానికి వేరే సర్టిఫికెట్ ఉంటుంది.

గుర్తింపుతో డబ్బు కూడా ముడిపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన ‘తల్లికి వందనం’ గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల పిల్లల తల్లులకు కూడా వస్తుంది. పేరు ఏ బడి రికార్డులోనూ లేని అమ్మాయికి అది రాదు. ఇక కేంద్రం ఇచ్చే మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకటి నుంచి ఎనిమిది వాళ్లకు 2022-23 నుంచే ఆపేశారు. ఆ పేరు చెప్పి ఎవరైనా ఫారాలు నింపిస్తామంటే నమ్మకండి.

పేరు రాయించే రోజు

అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకటో తరగతి రోజు రాసిన పేరు, పుట్టిన తేదీ టీసీలోకి, అక్కడి నుంచి పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వెళ్తాయి. మన పేర్లకు ఇక్కడే ఇబ్బంది. కోస్తాలో, రాయలసీమలో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేరులా ముందు వస్తాయి. హైదరాబాద్‌లో బేగం, సుల్తానా, ఫాతిమా చివర వస్తాయి. షేక్‌కు ఇంగ్లిష్‌లో ఒక కాగితంలో చివర కె, ఇంకో కాగితంలో కెహెచ్. అబ్బా పేరు ఆధార్‌లో మొహమ్మద్, రేషన్ కార్డులో ఎండీ. చేర్పించడానికి దాదా వెళ్తే ఆయన ఇంట్లో పిలిచే పేరు చెప్పేసి వస్తారు. టీచరమ్మ తనకు వచ్చిన స్పెల్లింగ్ రాసేస్తుంది.

బర్త్ సర్టిఫికెట్ తీసుకెళ్లండి, అందులో ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఆధార్ దానికి సరిపోకపోతే ముందు ఆధార్ సరిచేయించండి. రిజిస్టర్‌లో రాశాక ఆ పేజీ చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పదో తరగతి మెమో వచ్చాక మార్పించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే. బర్త్ సర్టిఫికెట్ లేదని విద్యాహక్కు చట్టం కింద ఉన్న బడి సీటు నిరాకరించకూడదు, అది వేరే విషయం.

దీనీ తాలీమ్‌కు టైం ఎక్కడిది

ఆడపిల్లల బడి ఎంచుకోవడానికి చాలా ఇళ్లలో ఇది పెద్ద కారణం కాబట్టి లెక్క చూద్దాం. చట్టం ఒకటి నుంచి ఐదు వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల చదువు అడుగుతుంది. భాగిస్తే రోజుకు నాలుగు గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు, రోజుకు నాలుగున్నర గంటలు. ఆరు గంటలు నడిచే బడిలో భోజనం, ఆట పోగా గంటసేపు ఖుర్ఆన్, దీనియాత్ చెప్పినా లెక్కలకూ సైన్సుకూ టైం తగ్గక్కర్లేదు. ఈ రెండూ కుదరవు అనే మాట సరికాదు. తగ్గుతోందంటే టైంటేబుల్ సరిగా లేదని అర్థం. గోడ మీద టైంటేబుల్ ఫొటో తీసుకుని ఇంటికొచ్చి గంటలు లెక్కపెట్టండి.

పూర్తిగా దీనీ చదువుకే ఉన్న మదర్సాల సంగతి వేరు. 2012 సవరణతో వాటిని విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. అక్కడ హిఫ్జ్ పూర్తిచేసిన అమ్మాయి దగ్గర ఐదో తరగతో ఆరో తరగతో అని కాగితం ఉండదు. ఆమె మళ్లీ బడికి రావాలనుకుంటే దారి ఉంది, నాలుగో సెక్షన్. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా చదివించాలి. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి.

భాష గురించి ఒక మాట. మన ఇళ్లలో కొందరిది దక్కనీ ఉర్దూ, కొందరిది తెలుగే. బడి ఇంగ్లిష్. నమాజుకు, తిలావత్‌కు అరబీ. ఆరేళ్ల పిల్ల మీద ఇన్ని లిపులు పడతాయి. ఇంగ్లిష్ పాఠం గడగడా చదివేస్తుంటే మనం మురిసిపోతాం, కానీ అది కంఠస్థం కావచ్చు. మూడో తరగతి అయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో కేంద్రం పెట్టుకున్న నిపుణ్ భారత్ లక్ష్యం. మీ ఇంట్లోనే పరీక్ష పెట్టవచ్చు. తన పుస్తకం కాకుండా వేరే ఏదైనా, అక్క పాత పుస్తకంలో ఒక పేజీ ఇచ్చి చదవమని, చదివింది ఇంటి మాటల్లో చెప్పమనండి. చెప్పగలిగితే బడి పని చేస్తోంది. ఇంకో చిన్న గుర్తు, పోయిన ఏడాది ఒకటో తరగతికి చెప్పిన టీచరమ్మ ఈ ఏడాది కూడా ఉందా లేదా. ఏటా టీచర్లు మారిపోయే బడిలో చిన్నపిల్లల చదువు నిలబడదు.

తెలంగాణలో 2018 చట్టంతో ఒకటో తరగతి నుంచి తెలుగు తప్పనిసరి అయింది, ఏ మీడియం అయినా, ఎవరు నడిపే బడి అయినా. కొన్ని చిన్న బడుల్లో తెలుగు పీరియడ్ పేరుకే ఉంటుంది. ఐదు వరకు దాని ఇబ్బంది తెలియదు. ఆరో తరగతిలో బడి మారినప్పుడు బయటపడుతుంది, కొత్త బడి నచ్చలేదని పిల్ల ఏడవడానికి అది కూడా ఒక కారణం అవుతుంది.

ఐదు తర్వాత దారులు

తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి, అందులో సగానికి దగ్గరగా ఆడపిల్లలవి. 2016లో మొదలయ్యాయి. హాస్టలు, భోజనం, పుస్తకాలు ఉచితం. అక్కడ ప్రవేశం మొదలయ్యేది ఐదో తరగతిలోనే, ఆరు, ఏడు, ఎనిమిదిలో ఖాళీ అయిన సీట్లు మాత్రమే దొరుకుతాయి. కాబట్టి అమ్మాయి నాలుగులో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. ఐదు పూర్తయ్యాక పరుగెత్తితే మంచి అవకాశం దాటిపోయినట్టే. కస్తూర్బా బాలికా విద్యాలయాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, పూర్తిగా ఆడపిల్లలకే, ఆరో తరగతి నుంచి. మధ్యలో చదువు మానేసిన అమ్మాయిలకు అవి ప్రత్యేకంగా పనికొస్తాయి. హాస్టలుకు పంపడం ఇష్టం లేనివాళ్లకు దగ్గరి సర్కారీ హైస్కూలు ఉంది. నలుగురైదుగురు అమ్మాయిలు ఒకే బస్తీ నుంచి కలిసి చేరితే ఆటో ఖర్చు పంచుకోవచ్చు, ఇంట్లో పెద్దల భయం కూడా తగ్గుతుంది. ఒక్క అమ్మాయిని పంపడానికి జంకే ఇళ్లు నలుగురితో అయితే పంపుతాయి.

ఇక టీసీ. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపే బడులు ఉన్నాయి. ఐదో సెక్షన్ ప్రకారం హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త సర్కారీ బడి చేర్చుకోవడం ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు కూడా. ముందు చేర్పించేయండి, టీసీ సంగతి తర్వాత. ఇప్పుడు పిల్లల పేర్లు ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి. ప్రతి పిల్లకూ పెన్ అనే శాశ్వత నంబర్ ఉంటుంది, పాత బడి తన లిస్టు నుంచి పేరు వదిలితేనే కొత్త బడి దాన్ని తన లిస్టులోకి తీసుకోగలదు. వదలకపోతే కొత్త బడి హెడ్‌మాస్టర్‌తో ఎంఈఓకు రాయించండి. ఆ పెన్ నంబర్ ప్రోగ్రెస్ కార్డు మీదో నోటుబుక్కు వెనకో మీరే రాసుకుని ఉంచుకోండి.